కుక్కల దొడ్డిలో దొరికిన ఫిజియోథెరపీ

ఆ రోజు ఇల్లెందు బస్టాండులో బస్సెక్కబోతే నా కుడికాలు ఫుట్‌బోర్డు మీదికి లేవలేదు. కాలు ఎత్తాననే అనుకున్నాను. కిందికి చూస్తే బూటు నేల మీదే ఉంది. వెనక జనం తోసుకుంటున్నారు. కండక్టరే దారికి అడ్డంగా నిలబడితే ఎవరికైనా విసుగే కదా. కమ్మీ పట్టుకుని, చేతుల బలంతో ఒంటిని పైకి లాక్కున్నాను. అంతకు రెండు రోజుల ముందు నుంచే అరికాళ్లలో తిమ్మిరి ఉంది. కొత్త బూట్ల వల్ల అనుకున్నాను. దానికి ముందు వారం విరేచనాలు పట్టుకుని తగ్గాయి. ఈ రెండింటికీ సంబంధం ఉంటుందని నాకేం తెలుసు?

నా పేరు వీరస్వామి. ఇది ఎనభైల చివరి సంగతి. అప్పుడు నాకు ముప్పై రెండేళ్లు. కొత్తగూడెం డిపో, ఇల్లు టేకులపల్లిలో. మా బస్సు డ్రైవర్ యాకూబన్న నాకన్నా పదేళ్లు పెద్ద. నేను ఎక్కిన తీరు అద్దంలో చూసి నవ్వాడు. టేకులపల్లి వచ్చేసరికి టికెట్ చింపడానికి నా వేళ్లకు పట్టు చిక్కలేదు. అది చూశాక ఆయన నవ్వలేదు. కొత్తగూడెంలో జనాన్ని దించేసి, బస్సును తిన్నగా దవాఖానా గేటు ముందు ఆపాడు.

అక్కడి డాక్టరు చిన్న సుత్తితో నా మోకాలి కింద కొట్టాడు. కాలు ఎగరలేదు. రెండో కాలూ అంతే. రిఫ్లెక్సులు పోయాయని, ఆలస్యం చేయకుండా హైదరాబాద్ తీసుకుపొమ్మని చెప్పాడు. నా భార్య సరోజ ఇంటి తాళం పక్కింటివాళ్లకిచ్చి, ఉన్న చీర మీదనే వచ్చేసింది. హైదరాబాద్‌లో దిగేటప్పటికి నేను నిలబడలేకపోయాను. మాతోనే వచ్చిన యాకూబన్న నన్ను భుజాన వేసుకుని దించాడు.

పెద్ద దవాఖానాలో నర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, లంబార్ పంక్చర్ అని నడుము దగ్గర సూది గుచ్చి నీరు తీశారు. సాయంత్రం న్యూరాలజీ డాక్టరు వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. జబ్బు పేరు గిలియన్ బారీ సిండ్రోమ్ అన్నాడు. జబ్బులను తరిమే శక్తి మన ఒంట్లో ఉంటుందట. అదే దారి తప్పి నా నరాల మీద పడిందట. నేను బతుకుతానా అని అడగలేదు. మళ్లీ నడుస్తానా అని అడిగాను.

"ఏం పని చేస్తవ్?" అన్నాడు.

"బస్సు కండక్టర్ని సార్."

"అయితే నీకు తేలిగ్గ సమజైతది. ఇది కాళ్ల నుంచి పైకెక్కుతది. ఎక్కినట్టే దిగుతది. కాకపోతే ఎక్కేది ఎక్స్‌ప్రెస్, దిగేది ఊరూర ఆగే బస్సు. నడుమ ఊపిరి తీసే కండరాల దాకా రావద్దు. వస్తే వెంటిలేటర్ ఉన్నది. భయపడకు."

ఊపిరి ఎంత ఉందో చూడటానికి అక్కడ ఒక పద్ధతి ఉంది. గట్టిగా గాలి పీల్చి, ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు చెప్పగలమో చెప్పాలి. అంకెలు నాకు విసుగు. బస్సు రూటులో ఊళ్ల పేర్లు చెబుతానని సిస్టరమ్మను అడిగాను. ఆమె సరేనంది. ఖమ్మం, వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు, సుజాతనగర్, కొత్తగూడెం, పాల్వంచ, సారపాక, భద్రాచలం. మొదటి రోజు ఒక్క ఊపిరిలో గోదావరి దాటి భద్రాచలం చేరాను. మర్నాడు పాల్వంచలో ఆగిపోయాను. ఆ మర్నాడు ఏన్కూరు. ఒక సాయంత్రం తల్లాడ దాటలేదు. వాళ్లు వెంటిలేటర్ తెచ్చి నా మంచం పక్కన పెట్టారు. సరోజ ఆ మిషన్ వైపు చూడకుండా, నా మొహమే చూస్తూ కూర్చుంది. మరుసటి పొద్దున సిస్టరమ్మ మళ్లీ చెప్పమంది. జూలూరుపాడు దాకా వెళ్లాను. సరోజ లేచి వరండాలోకి వెళ్లి ఏడ్చి వచ్చింది. ఆ మిషన్‌ను వేరే వార్డుకు తోసుకుపోయారు.

ఎక్కడం ఆగింది. దిగడం మాత్రం డాక్టరు చెప్పినట్టే సాగింది. ఇంటికి పంపేటప్పుడు రెండు కాళ్లకూ కాలిపర్లనే ఇనుప ఊతలు తొడిగారు. ఫుట్ డ్రాప్ వల్ల పాదాలు వేలాడుతున్నాయి. చేతులకు గోళీలు ఇచ్చారు. ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వేళ్లతో తీసి వేయడం నా వ్యాయామం. మొదట్లో బుద్ధిగానే చేశాను. ఒకరోజు స్నానాల గదిలో జారి పడ్డాను. మోచెయ్యి వాచింది. దానికన్నా పడిపోతానన్న భయం ఎక్కువ పట్టుకుంది. వాకిట్లోకి రావడం మానేశాను. గోళీల గిన్నె మంచం కిందికి పోయింది. సరోజ కుట్టుమిషన్ చప్పుడు వింటూ గోడ వైపు తిరిగి పడుకునేవాణ్ణి.

యాకూబన్న వారానికోసారి వచ్చేవాడు. ఒకరోజు వచ్చినవాడు కూర్చోలేదు.

"లే తమ్మీ, పోదాం. రేంజరమ్మ కాడ మనిషి కావాల్నట. కూసోని చేసే పనే."

రేంజరమ్మ అంటే శకుంతలమ్మ. భర్త ఫారెస్ట్ రేంజర్‌గా ఉండి చనిపోయాక, ఆమె ఊరికి వెళ్లిపోకుండా మా ఊరవతల అడవి అంచున ఉండిపోయారు. పాత కలప డిపో షెడ్డులో కుక్కలను సాకేవారు. మా వైపు అడవిపందుల కోసం తీగ ఉచ్చులు పెడతారు. వాటిలో పడేవి ఎక్కువగా ఊరకుక్కలే. కాలు తెగినవి, పంది కోర చీల్చినవి, బస్సు గుద్దినవి, అన్నీ ఆమె దగ్గరికే చేరేవి. ఊళ్లో వాళ్లు దాన్ని కుక్కల దొడ్డి అనేవారు. ఆమెకూ ఆ పేరే నచ్చింది.

కుక్కలంటే నాకు భయమని యాకూబన్నకు తెలుసు. తెలిసే నన్ను అక్కడ స్టూలు మీద కూర్చోబెట్టి బస్సుకు టైమైందని వెళ్లిపోయాడు. లేచి పారిపోయే కాళ్లు నాకు లేవు. మూడు కాళ్ల కుక్క ఒకటి వచ్చి నా కాలిపర్ వాసన చూసింది. దాని పేరు చిట్టి. కాసేపు ఆలోచించినట్టు నిలబడి, నా పాదం మీద తల పెట్టి పడుకుంది. పాదానికి స్పర్శ సరిగా తెలియని రోజులవి. అయినా ఆ వెచ్చదనం తెలిసింది.

శకుంతలమ్మ నాకిచ్చిన పని గోమార్లు తీయడం. కుక్కల ఒంటికి పట్టుకుని రక్తం తాగే పురుగులవి. వాటిని వేలికొనలతో మొదలంటా పట్టి లాగి, కిరసనాయిలు డబ్బాలో వేయాలి. చెవుల వెనక, గోళ్ల సందుల్లో, తోక కింద ఎక్కడంటే అక్కడ ఉంటాయి. మొదటి పూట ఒక్కటీ నా వేళ్లకు చిక్కలేదు. చిట్టి ఓపిగ్గా చెవి అప్పగించి కునుకు తీసింది. సాయంత్రం సరోజ తీసుకుపోవడానికి వస్తే, రేపు కూడా వస్తానని చెప్పాను. గోళీలు నా కోసం ఎదురుచూడవు. చిట్టి చెవి దురద మాత్రం ఆగేది కాదు.

జీతం లేని ఆ కొలువుకు రోజూ పోయాను. ఎండాకాలం నడిమికి పెద్ద గోమార్లు చిక్కాయి. వానలు పడేనాటికి నువ్వుగింజంత వాటిని కూడా పట్టాను. ఆ తర్వాత నూకల జావ కలపడం, కట్టు కట్టేటప్పుడు కుక్కను పట్టుకోవడం, తాడు పట్టి నడిపించడం ఒక్కొక్కటీ వచ్చి చేరాయి. చెకప్‌కు పోతే డాక్టరు నా చేతిలో వేలు పెట్టి నొక్కమన్నాడు. నొక్కాను. గ్రిప్ బాగుంది, ఏం ఎక్సర్‌సైజ్ చేస్తున్నావని అడిగాడు. చెప్పాను. కేసు కాగితం మీద ఏం రాయాలో తెలియక పెన్ను పట్టుకుని కాసేపు నవ్వాడు. కాలిపర్లు తీసేసి, చేతికర్ర చాలన్నాడు.

అంతా బాగుందనుకునేటప్పుడే ఆ ఎర్రకుక్క వచ్చింది. ఒక రైతు ఎడ్లబండిలో తెచ్చాడు. నోరు తెరిచినట్టే ఉంది, చొంగ కారుతోంది, నీళ్లు ముట్టడం లేదు. శకుంతలమ్మ చూడగానే, పిచ్చిదేమోనని అందరినీ దూరంగా ఉండమన్నారు. దాన్ని విడిగా చిన్నగదిలోకి పంపాలి. పొడవాటి కర్రకు ఉచ్చుముడి వేసి దాని మెడకు తగిలించింది నేనే. అది ఒక్కసారి విదిలించుకుంది. ముడి జారింది. కోరపన్ను నా మణికట్టు మీద గీసుకుపోయింది. రక్తం వచ్చింది.

శకుంతలమ్మ నన్ను బోరింగు దగ్గరికి లాక్కుపోయి, తనే పంపు కొడుతూ సబ్బుతో కడగమన్నారు. కడిగాను అంటే ఇంకా కడుగు అన్నారు. చెయ్యి మొద్దుబారేదాకా కడిగించారు.

సరోజ నన్ను కొత్తగూడెం దవాఖానాకు తీసుకుపోయింది. అక్కడ ఆ రోజు ఒక కుర్ర డాక్టరు ఉన్నాడు. కుక్క వాలకం అడిగి, సూది మందు సిద్ధం చేయమన్నాడు. ఆ రోజుల్లో అందరికీ బొడ్డు చుట్టూ వేసే సూదులే. ఇంతకు ముందు పెద్ద జబ్బులేమైనా వచ్చాయా అని అడిగాడు. జ్వరమో, షుగరో అడుగుతున్నాడనుకుని లేవని తల ఊపాను. సరోజ నా భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

"ఉన్నది సార్. గిలియన్ బారీ సిండ్రోమ్. ఏడాది కింద."

డాక్టరు చేతిలోని సిరంజి ట్రేలో పెట్టేశాడు. ఆ మందును గొర్రె మెదడు నుంచి తయారు చేస్తారని, అది కొద్దిమందికి నరాల మీద పనిచేసి పక్షవాతం తెస్తుందని, నాలాంటివాడికి ప్రమాదం ఇంకా ఎక్కువని చెప్పాడు. మందు వేసుకోకపోతే, ఆ కుక్కకు రేబిస్ ఉంటే, ఇంక చేసేదేమీ లేదు.

"ఇంకోటి ఉన్నది. సెల్ కల్చర్ వ్యాక్సిన్. నరాలకు దాంతోని అంత భయం లేదు. మా కాడ లేదు, హైదరాబాద్ల దొరుకుతది. ఐసుల పెట్టి తేవాలె. ఎంత జల్దీ తేగలరు?"

మాకు తెలిసిన దారి బస్సొక్కటే. 

సరోజ అక్కడి నుంచి డిపోకు పరుగెత్తింది. డిపోలో యాకూబన్న ఉన్నాడు. కంట్రోలర్ హైదరాబాద్‌కు ట్రంక్ కాల్ బుక్ చేశాడు. అక్కడ మాకు తెలిసిన కండక్టర్ ఒకతను మందుల షాపులో వ్యాక్సిన్ కొని, థర్మాస్ ఫ్లాస్కులో ఐసు నింపి, ఖమ్మం బస్సు కండక్టర్ చేతిలో పెట్టాడు. సూర్యాపేటలో టీ కోసం బస్సు ఆగితే, అతను రసాల బండి దగ్గర ఐసు మార్పించుకున్నాడట. ఖమ్మం బస్టాండులో సోడా కొట్టు ఆయన విషయం విని, ఐసు దంచి ఫ్లాస్కు మూతదాకా కూరి ఇచ్చాడట. అక్కడి నుంచి మా డిపో బస్సు. మర్నాడు మధ్యాహ్నానికి ఫ్లాస్కు కొత్తగూడెం చేరింది. డాక్టరు మూత తీసి వేలు పెట్టి చూసి, మా ఫ్రిజ్ కన్నా చల్లగుంది అన్నాడు. మొదటి సూది నా భుజానికి వేశాడు.

ఆ తర్వాతవి గడ్డు రోజులు. పొద్దున కళ్లు తెరవగానే కాలివేళ్లు కదిపి చూసుకునేవాణ్ణి. నా తర్వాత సరోజ చూసేది, నేను చెబితే నమ్మకుండా. ఆ కుక్క పది రోజులు బతికి ఉంటే భయం లేదని డాక్టరు చెప్పాడు. దొడ్డికి పోవద్దని కూడా చెప్పాడు. అందుకని కబురు కోసం ఎదురుచూడటమే నా పని.

మూడో రోజు మధ్యాహ్నం మా ఇంటి ముందు బస్సు ఆగింది. స్టాపు కాదు. యాకూబన్న కిటికీలోంచి తల బయటపెట్టాడు. బస్సు నిండా జనం.

"తమ్మీ, పిచ్చిగాదు గిచ్చిగాదు. దాని అంగిట్ల బొక్క ఇరుకున్నది."

పశువుల డాక్టరు మందపాటి తోలు గ్లవుజులు వేసుకుని, టార్చిలైటుతో చూశాడట. పై పళ్ల మధ్య అడ్డంగా మటన్ ఎముక ముక్క బిగుసుకుపోయి ఉందట. పట్టుకారుతో లాగేయగానే ఆ కుక్క గంగాళం మీద పడి నీళ్లు తాగిందట. సంగతేమిటని బస్సులో వాళ్లు అడుగుతుంటే, యాకూబన్న మొదటి నుంచి చెప్పుకొచ్చాడు. ఆ రోజు బస్సు లేటైందని ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

పది రోజులూ గడిచాయి. మొదలుపెట్టాం కాబట్టి కోర్సు పూర్తి చేద్దామన్నాడు డాక్టరు. మిగతా సూదులకూ ఫ్లాస్కు అదే దారిలో వచ్చింది. నా కాళ్లకేమీ కాలేదు. ఆ కుక్కకు బొక్కన్న అని పేరు పెట్టారు. దాని చెవుల వెనక ఉన్నన్ని గోమార్లు నేను ఇంకే కుక్కకూ చూడలేదు.

అది జరిగి పదిహేనేళ్లు దాటింది. ఇప్పుడు డిపోలో ఎంక్వైరీ కౌంటర్‌లో కూర్చుంటాను. మెట్లు దిగేటప్పుడు ఎడమ పాదం కొంచెం ఈడుస్తాను. చలికాలంలో అరికాళ్లు చిటపటలాడతాయి. అంతకు మించి బాధ లేదు. సెలవు రోజు వస్తే దొడ్డిలో ఉంటాను. సరోజ కూడా వస్తుంది. కుట్టుమిషన్ దగ్గర మిగిలిన గుడ్డపీలికలు కట్లకు పనికొస్తున్నాయి. శకుంతలమ్మ ఈమధ్య ఇంకో రెండు గదులు వేయించారు. అవి కట్టేలోపే నిండిపోయాయి.

ఈ జబ్బు వచ్చి తగ్గినవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. తగ్గిపోయింది కదా అని దాని పేరు మరచిపోవద్దు. ఏ ఊళ్లో, ఏ డాక్టరైనా, ఏ సూదైనా వేసే ముందు ఆ పేరు చెప్పండి. అడగకపోయినా చెప్పండి. ఇంట్లో ఇంకొకరికి కూడా ఆ పేరు నేర్పి ఉంచండి. ఆ రోజు నాకు నోరు బాగానే ఉంది. చెప్పింది మాత్రం సరోజ.