చాంద్ గోలీలు

నా కుడికాలి బొటనవేలు ఇప్పటికీ కాలికే ఉంది. అందులో నా గొప్పేమీ లేదు. దాన్ని పోగొట్టుకోవడానికి ఒక మనిషి చేయగలిగినదంతా నేను చేశాను, అయినా అది నన్ను వదల్లేదు. ఆ ఘనకార్యం చెబుతాను, నవ్వుకోండి. మా ఆవిడ నర్సమ్మ ఇన్నేళ్లుగా నవ్వుతూనే ఉంది, మీరు నవ్వితే కొత్తగా పోయేదేమీ లేదు.

జహీరాబాదులో నాది దర్జీ దుకాణం. డెబ్బైలు అయిపోవస్తున్న రోజులు. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. రాదన్న సిగ్గు కూడా లేదు, అది ఇంకా పెద్ద రోగం. చదువుకున్నవాళ్ల ప్యాంట్లు కూడా నా దగ్గరికే వస్తాయి కదా అని మీసం తిప్పేవాణ్ణి. ఎవరి బట్ట ఎప్పుడియ్యాలో మూట మీద సుద్దతో గుర్తు గీసుకునేవాణ్ణి. సూర్యుణ్ణి గీస్తే తెల్లారి పొద్దున్నే ఇయ్యాలి. నెలవంక గీస్తే చాంద్ నాటికి ఇయ్యాలి. మా దగ్గర చాంద్ అంటే రోజూ కనబడే చంద్రుడు కాదు. కొత్త నెల పుట్టిందని అందరూ మిద్దెలెక్కి వెతికి చూసే సన్నటి నెలవంక. రంజాన్ చాంద్ నాటికి కుర్తాలు కుట్టి ఇయ్యని దర్జీ ఊళ్లో తలెత్తుకు తిరగలేడు.

ఆ యేడు నాకు దాహం పట్టుకుంది. కుండ ఖాళీ చేయడం, దుకాణం వెనక్కి ఉరకడం, మళ్లీ కుండ దగ్గరికి రావడం. మనిషిని కాదు, మోటబావినైపోయాను. దానికి తోడు కత్తెర జారి బొటనవేలి మీద పడింది. నెల దాటినా పుండు మానదు. సర్కారు దవాఖానకు పోతే, కృష్ణా జిల్లా నుంచి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ నా మూత్రాన్ని గాజుగొట్టంలో నీలిరంగు మందుతో కాచింది. అది ఎర్ర ఇటుక రంగుకు తిరిగింది. ఎన్ని ఉతుకులకూ పోని రంగులా ఉందని నేను లోపల మురిసిపోయాను. ఆమె మురవలేదు.

"చక్కెర జబ్బు. గోలీలు వేసుకోవాలి, రోజూ గంటసేపు నడవాలి. లేకపోతే ఆ వేలు తీసేయాల్సి వస్తుంది."

నేను మిషను తొక్కేది ఆ కాలితోనే. మిషను ఆగితే ఇంట్లో పొయ్యి ఆగుతుంది. బుద్ధిగా తల ఊపి మందుల కిటికీ దగ్గరికి పోయాను.

కంపౌండర్ ఖాదర్ భాయ్‌కి నా చదువు సంగతి తెలుసు. రెండు పొట్లాలు కట్టి ఒకదాని మీద సూర్యుణ్ణి, ఇంకోదాని మీద నెలవంకను గీశాడు.

"సూరజ్‌కు ఒకటి, చాంద్‌కు ఒకటి. జర యాద్ పెట్టుకో మల్లేశం భాయ్."

"గుర్తులు సదువుట్ల నాకే చెప్తవా భాయ్?" అన్నాను.

ఇంటికొచ్చి నర్సమ్మకు వివరించాను. సూర్యుడి గోలీ రోజూ పొద్దున. నెలవంకది చాంద్ కనబడ్డనాడు.

"నెలకొక్కటేనా?" అంది.

"గట్టి గోలీ. రోజు మింగితే మనిషి ఆగుతడా?"

నర్సమ్మ ఆ గట్టి గోలీలను డబ్బాలో పెట్టి, దేవుడి పటం పక్కన దాచింది. చాంద్ నాడు పక్కింటివాళ్ల మిద్దె ఎక్కాను. వాళ్లు నెలవంకను చూసి చేతులెత్తి దువా చేస్తుంటే నేను గోలీ నోట్లో వేసుకుని చెంబెత్తి నీళ్లు తాగాను. రెండో చాంద్‌కు రంజాన్ నెల మొదలైంది. నా భక్తికి మెచ్చి ఆ ఇంటి పెద్దాయన దోసెడు ఖర్జూరాలు పెట్టాడు. పెద్దమనిషి చేతిది కాదనలేక అన్నీ తిన్నాను.

ఇక నడక. గంటసేపేం ఖర్మ, నేను పది గంటలు నడిచాను, మిషను మీద. కాళ్లు ఆడుతున్నాయా లేదా? ఆడుతున్నాయి. చెమట పడుతోందా? పడుతోంది. నా లెక్కన మొదటి రోజే కోహీర్ దాటాను, నెలకు బొంబాయి చేరాను. పీట మీద నుంచి మాత్రం లేవలేదు.

నెల రోజులకు దవాఖానకు పోతే గొట్టంలో మళ్లీ ఇటుక. గోలీలు వేసుకుంటున్నావా అంటే ఒక్కటి తప్పలేదన్నాను. నడుస్తున్నావా అంటే పది గంటలన్నాను. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి నన్ను కిందినుంచి మీదికి చూసింది. మందే మంచిది కాదేమోనని పాపం ఖాదర్ భాయ్‌ని నిలబెట్టి అడిగింది. మందు మార్చి మళ్లీ రెండు పొట్లాలు ఇప్పించింది. ఇంకో పదిహేను రోజులకు పోతే అదే ఇటుక. వేలు నల్లబడుతోంది. ఈసారి ఆమె గొంతు తగ్గించి, వారం చూసి, వేలు తీయించడానికి హైదరాబాదుకు రాసిస్తానంది. అరిచి చెప్పి ఉంటే ఇంత భయపడకపోదును.

ఆ రోజు నర్సమ్మ చొక్కాలకు ఒక్క కాజా కూడా కుట్టలేదు. నా కాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"కాలు పోతే మిషను నేను తొక్కుత. నువ్వు ఉంటే చాలు."

ఆమె సూదికి నేనే దారం ఎక్కించి పెట్టాను. మా ఇంట్లో అది అరుదు.

రెండు రోజుల తర్వాత డాక్టరమ్మ జాకెట్టు గుడ్డ పట్టుకుని దుకాణానికి వచ్చింది. నేను దాన్ని మూటగట్టి, సుద్ద తీసి మీద సూర్యుణ్ణి గీశాను. పొద్దున్నే ఇస్తానన్న గుర్తు అని చెప్పాను. ఆమె గోడవైపు ఉన్న మూటల గుట్ట చూసింది.

"మరి ఆ చంద్రవంకలేమిటి?"

"అవి చాంద్ కనబడ్డనాడు ఇచ్చేటివి. ఇంక పన్నెండు దినాలున్నది."

డాక్టరమ్మ తన సూర్యుడి మూటను చేతిలోకి తీసుకుని చూసింది.

"ఖాదర్ నీ పొట్లం మీద ఏం గీశాడు?"

"ఒకదాని మీద సూరజ్, ఒకదాని మీద చాంద్."

"చాంద్‌వి ఎన్ని వేసుకున్నావు?"

"రెండు."

"రోజుకా?"

"మొత్తం."

నర్సమ్మ డబ్బా తెచ్చి బల్ల మీద కుమ్మరించింది. గోలీలు గుండీల్లా దొర్లాయి. డాక్టరమ్మకు ఏదో అనుమానం వచ్చి నడక సంగతి అడిగింది. నేను మిషను నాలుగుసార్లు తొక్కి చూపించాను. ఆమె స్టూలు మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. తర్వాత లేచి నా వేలు చూసి, అంతే గట్టిగా తిట్టింది.

"ఇవాళ్టి నుంచి నీకు రోజూ చాంద్ రాత్రే. షీర్‌ఖుర్మా పాయసం మాత్రం లేదు."

ఆ రాత్రి నుంచే గోలీలు రెండు పూటలా పడ్డాయి. పుండు ఆరేదాకా కట్టుకట్టిన కాలితో మెల్లగా, ఆరాక చిరాగ్‌పల్లి తొవ్వలో గట్టిగా నడిచాను. వెనక నర్సమ్మ చేతిలో ఇనుప గజంబద్ద పట్టుకుని వచ్చేది, కొలవడానికి కాదు. మూడు నెలలకు వేలు మానింది. గొట్టంలో నీలిరంగు మందు నీలంగానే మిగిలింది. డాక్టరమ్మ జాకెట్టు మాత్రం ఆ గొడవలో చాంద్ మూటల్లో కలిసిపోయి రంజాన్‌కే చేతికందింది.

ఆ చలికాలమే రాత్రిబడిలో చేరాను. నా పేరు కంటే ముందు 'సాయంత్రం' అని రాయడం నేర్చుకున్నాను. 'యం' దగ్గర రెండు పలకలు పగిలాయి.

మొన్న కొత్త మందుల దుకాణంలో పిల్లవాడు నన్ను చూసి కవరు మీద చంద్రుణ్ణి గీయబోయాడు. ఛాతీ విరిచి, "నాకు అక్షరాలొస్తయి బిడ్డా, రాసియ్యి" అన్నాను. వాడు మర్యాదగా రాసిచ్చాడు. ఇంగ్లీషులో.

కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "జర చాంద్‌నే గీయి బిడ్డా" అన్నాను.

గీశాడు. దాని కింద నేనే తెలుగులో 'రోజూ' అని రాసుకున్నాను. ఇక ఈ కత్తెర మీద ఒట్టేసి చెబుతున్నాను: బతికున్నంతకాలం మిద్దె ఎక్కి గోలీ మింగను, పీట మీద కూర్చుని బొంబాయి పోను. ఖర్జూరాల గురించి మాత్రం ఒట్టు వేయలేదు, గమనించగలరు.