ఓబులేసు బావ కట్టిన ఇల్లుబండి

నిన్న పొద్దున బావ స్నేహితుడు ఇమాం అన్న ఫోన్ చేశాడు.

"మీ బావ పోయినాడప్పా" అన్నాడు.

"మళ్ళీ యాడికి?" అన్నాను విసుగ్గా.

అవతల ఇమాం అన్న ఏడుపు వినపడింది. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు.

ఓబులేసు బావ మా అక్క భర్త. రాప్తాడులో హైవే పక్కన వెల్డింగ్ షాప్. మూడు రోజులుగా ఛాతీలో నొప్పి అంటున్నాడట. హాస్పిటల్‌కు పోదామని అక్క ఎంత మొత్తుకున్నా, "గ్యాసే, సోడా తాగితే పోతాది" అన్నాడట.

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఈ పోస్ట్ రాస్తుంటే కూడా అదే వస్తోంది.

ఈ మనిషి ఎవరి మాట విన్నాడు గనక?

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, వరసగా వానలు లేని రోజుల్లో, ఎవరో ఫారినర్స్ కారు వెనక ఇల్లులాంటి ట్రైలర్ తగిలించుకుని హైవే మీద పోతూ బావ షాప్ దగ్గర ఆగారు. దాని మెట్టు విరిగింది. మెట్టు అతికిస్తూ బావ లోపలికి తొంగిచూశాడు. మంచాలు, స్టవ్, కిటికీలకు కర్టెన్లు.

అంతే. ఆర్నెల్లు షాప్ పనంతా పక్కన పడేశాడు. ఒక పాత ట్రాక్టర్ ట్రైలర్ కొని, దాని మీద రేకులతో గది కట్టాడు. రెండు మంచాలు, గ్యాస్ స్టవ్, వెనక ఒక పెద్ద నీళ్ళ డ్రమ్ము, దానికి కొళాయి.

ఊళ్ళో వాళ్ళు దానికి ఇల్లుబండి అని పేరు పెట్టారు.

"మన బాత్రూముకు తలుపు లేదు. దీనికి మాత్రం కర్టెన్లంట!" అని అక్క గొణిగేది.

ఇదంతా దేనికి బావా అని అడిగాను.

"అమ్మను కంబదూరుకు పిలుచుకోని పోవల్ల" అన్నాడు.

బావ వాళ్ళమ్మకు, అంటే మా అత్తకు, పక్షవాతం వచ్చి అప్పటికి నాలుగేళ్ళు. కూర్చోలేదు, బస్సెక్కలేదు. కంబదూరులో ఉన్న చెల్లెలు గంగమ్మను ఒక్కసారి చూడాలని రోజూ అడిగేది. గంగమ్మకేమో చూపు పోయింది. ఆమె రాలేదు.

కారు మాట్లాడి వెనక సీట్లో పడుకోబెడదాం అన్నాను.

"మా యమ్మ కాళ్ళు ముడుచుకోని పోవల్లనా?" అని నా మీదికి లేచాడు.

సరే. మొదటి ప్రయాణం. ఇమాం అన్న జీపు. ముందు ఆయన, బావ, అక్క. వెనక ఇల్లుబండిలో అత్తను పట్టుకుని నేను.

రంగు ముందురోజు సాయంత్రమే వేశాడు మహానుభావుడు. గోడకు ఆనుకున్నాను. నా కొత్త చొక్కా పచ్చగా అయింది.

బయలుదేరే ముందు అడిగాను. "బావా, జీపుకు తగిలించిన పిన్నుకు లాక్ ఏసినావా?"

"నాకు వెల్డింగు గూడా నేర్పిస్తావా సారూ?" అన్నాడు. అప్పుడే నాకు టీచర్ ఉద్యోగం వచ్చింది. ఎకసెక్కం.

లాక్ వేయలేదు.

కళ్యాణదుర్గం దాటాక రోడ్డు దిగుడుగా ఉన్న చోట టక్కున శబ్దం. కిటికీలోంచి చూస్తే జీపు దాని దారిన అది పోతోంది. మా దారిన మేము.

స్టవ్ ఎగిరి నా కాలి మీద పడింది. అత్తను రెండు చేతులతో మంచానికి అదిమి పట్టుకున్నాను. బండి రోడ్డు దిగి, ఎండిపోయిన వేరుశనగ చేలో దడదడా పోయి, గట్టుకు తగిలి ఆగింది.

అత్త కళ్ళు తెరిచింది.

"వచ్చినామా?" అంది.

బావ చెప్పుల్లేకుండా పరుగెత్తుకుంటూ వచ్చాడు. తలుపు లాగి, బండిని నాలుగు మూలలా చూసి, "చూస్తివా, ఒక్క వెల్డింగు గూడా ఊడలే" అన్నాడు.

చంపేద్దామనిపించింది.

తర్వాత అత్త కాళ్ళ దగ్గర కూర్చుని దుప్పటి సర్దాడు. మూడుసార్లు సర్దాడు. నేను చూడనట్టు తల తిప్పుకున్నాను.

జీపుకు తాడు కట్టి లాగితే బండి కదల్లేదు. నీళ్ళ బరువు. రోడ్డు పక్కన ట్యాంకర్ కోసం బిందెలు పెట్టుకుని ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. రెండు రోజులుగా ట్యాంకర్ రాలేదట. బావ వాళ్ళను పిలిచి కొళాయి తిప్పేశాడు.

డ్రమ్ము మొత్తం!

"అత్త నోట్లో పోసేకైనా రోన్ని నీళ్ళు పెట్టు బావా" అని అరిచాను. ఆయన వినలేదు. ఒక ముసలామె విని, తన బిందెలోంచి ఒక చెంబుడు వెనక్కి ఇచ్చింది. తర్వాత అందరూ కొంగులు బిగించి బండిని రోడ్డు మీదికి తోశారు.

కంబదూరు చేరాం. గంగమ్మ రేకులు తడుముకుంటూ లోపలికి ఎక్కింది. వేళ్ళతో అత్త మొహం తడిమింది.

"ఇంత బక్కగయినావేమక్కా" అంది.

అత్త పని చేసే ఆ ఒక్క చేత్తో ఆమె చెయ్యి పట్టుకుంది.

మూడు రోజులు ఇద్దరూ దిగలేదు. అన్నం లోపలికే. తిరిగి పోయే రోజు గంగమ్మను దిగమంటే, "నేను యాడికీ దిగను, బండి పోనీ" అంది.

ఎవరినీ అడక్కుండా బావ సరే అన్నాడు. వంట చేయాల్సిన అక్కను కూడా అడగలేదు. అక్క తల పట్టుకుంది.

అత్త ఇంకో రెండేళ్ళు బతికింది. ఆ రెండేళ్ళూ చెల్లెలు పక్క మంచంలోనే ఉంది. గంగమ్మ చివరిదాకా బావ ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ పిన్ను సంగతికి సారీ చెప్తాడేమో అని నేను ఆరు నెలలు బావతో మాట్లాడలేదు.

ఆయన గమనించనే లేదు. "మీ తమ్ముడు ఈ మధ్య శానా నెమ్మదైనాడే" అని అక్కతో అన్నాడట!

ఇలాంటి మనిషి మీద ఎంతకాలమని అలుగుతాం?

పోయిరా బావా. ఒక్కరోజు కూడా ఊరికే కూర్చోని ప్రాణం నీది. ఇప్పుడైనా నెమ్మదిగా ఉండాలి.

అక్కను మేము చూసుకుంటాం. ఈ ఒక్కసారి నా మాట విను.