స్వయంగా పరిశీలించడమైనది

నేను సీనియర్ అసిస్టెంట్‌నైన రెండో ఏడాది, మార్చి నెల. శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లకు మంచినీళ్లిచ్చే విభాగంలో నా ఉద్యోగం. నెత్తిమీదుగా విమానం పోతుంటే ఫోన్లో మాట ఆపి, అది దాటాక మళ్లీ మొదలుపెట్టేవాళ్లం.

అసెంబ్లీ నడిచే రోజుల్లో మాకు ఎల్.ఎ.క్యూ. అంటే వణుకు. సభ్యుడు సభలో అడిగే ప్రశ్న అది. జవాబు చెప్పేది మంత్రిగారే అయినా, ఆ జవాబు పుట్టేది మా బల్ల మీద. డివిజన్, జిల్లా, సచివాలయం మెట్లెక్కి ఆయన చేతికి చేరుతుంది. దారిలో ఎవరూ ఊరికి వెళ్లి చూడరు. కిందివాడు చూసే ఉంటాడని అందరి ధీమా. ఆ కిందివాణ్ణి నేనే.

ఆ రోజు ప్రశ్న ఎయిర్‌పోర్టు వెనకవైపున్న ఒక చిన్న పల్లె గురించి. కొత్త నల్లాల్లో నీళ్లొస్తున్నాయా అని. సాయంత్రంలోగా జవాబు పంపాలి. మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది, ఇలాంటి ప్రశ్నకిచ్చిన పాత జవాబు ఫైల్లోంచి తీసి ఊరి పేరు, తేదీ మార్చడం. తీశాను.

అప్పుడే ఆ పల్లె నుంచే నర్సమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి, మోకాలికి పట్టీ.

"సారూ, నల్లాలు పెట్టి ఆర్నెల్లాయె. సుక్క నీళ్లు రాలె. జర వచ్చి సూడుండ్రి."

"అసెంబ్లీ పనిల ఉన్న అమ్మా. బయట కూసో, పిలుస్త."

ఆమె బయట బెంచీ మీద కూర్చుంది. లోపల నేను రాశాను: 'నీరు సక్రమంగా అందుతున్నది. స్వయంగా పరిశీలించడమైనది.' ఆమెను లోపలికి పిలిస్తే చాలు, పరిశీలన అయిపోయేది. ఆ సంగతి తట్టలేదని ఇప్పుడు బుకాయించను, తట్టింది. పిలిస్తే అంతా మళ్లీ రాయాలి, పైవాళ్లకు సంజాయిషీ చెప్పాలి. కాగితం సంతకానికి పంపి బయటికొచ్చేసరికి ఆమె వెళ్లిపోయింది.

మంత్రిగారు సభలో నా వాక్యాలే చదివారు. సభలో చదివాక అది ప్రభుత్వం మాట. నీళ్లందుతున్న ఊరికి ట్యాంకరెందుకని వారంలోపే, అప్పటిదాకా ఆ పల్లెకు పోతున్న నీళ్ల ట్యాంకర్ ఆపేశారు. ఆ ఉత్తర్వు కూడా నా బల్ల మీదుగానే పోయింది. నోరు మెదపకుండా ముందుకు తోశాను.

ఊరివాళ్లు ఎండిన నల్లాల ఫొటోలు తీసి, ప్రశ్న అడిగిన సభ్యుడికి పంపారు. సభలో గొడవ. మంత్రిగారు లేచి, "నేను చెప్పిన జవాబు తప్పు. సరిదిద్దుకుంటున్నాను" అన్నారు. రాసిన అధికారి పేరు చెప్పమని సభ్యులు పట్టుబట్టారు. "నా శాఖలో ఎవరు రాసినా సభకు జవాబుదారీ నేనే" అని కూర్చున్నారు.

ఆఫీసు టీవీ ముందు మా సూపరింటెండెంట్ నా భుజం తట్టాడు. "బతికిపోయినవ్ పో, పేరెత్తలే." అందరికీ చాయ్ తెప్పించాడు. నా గ్లాసు బల్ల మీదే చల్లారింది.

మర్నాడు ఇంజినీరుతో పాటు నేనూ పల్లెకు వెళ్లాను. పైపులు వేశారు గాని మెయిన్ లైనుకు కలపడమే మరిచారు. అది చూడటానికి పావుగంట పట్టింది. నర్సమ్మ పొలం బోరు దగ్గర్నుంచి కుంటుకుంటూ బిందె మోసుకొస్తోంది. నన్ను చూసి, తన వాకిట్లో బిందె దించి అందులోంచే చెంబు నింపి ఇచ్చింది.

"తాగు సారూ, ఎండలవడి వచ్చినవ్. టీవీల సూసిన. ఆ మంత్రి మంచోడే పాపం. ఎవడో ఆఫీసోడు కండ్లతోటి సూడకుంటనే రాసిచ్చిండట. గాడు ఎన్నడన్న బిందె మోసిండా?"

"ఎవడో ఏమో అమ్మా" అన్నాను. నీళ్లు తాగి చెంబు తిరిగిచ్చాను.

మంత్రిగారు అంత సభలో, తాను రాయని దాన్ని నాది అన్నారు. నేను వాకిట్లో, ఒక్క మనిషి ముందు, నేను రాసిన దాన్ని నాది అనలేకపోయాను.

ఇప్పుడు ఎల్.ఎ.క్యూ. వస్తే ముందు ఊరికి పోయి, నల్లా తిప్పి, దోసిట్లో నీళ్లు పట్టుకున్నాకే కలం తీస్తాను. నర్సమ్మ వాళ్ల పల్లెకు మాత్రం వేరేవాళ్లను పంపిస్తాను.