చెవుల సారు కొన్న గిటారు

ఆసుపత్రిలో అందరూ ఆయన్ని చెవుల సారు అనేవారు. అలాగని డాక్టరేమీ కాదు. డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు వినికిడి పరీక్ష చేసి, చెవి ఎంతవరకు పనిచేస్తోందో తేల్చి పంపే మనిషి. కానీ ఆయన తెల్లకోటు సర్దుకునే తీరూ, గొంతు తగ్గించి మాట్లాడే పద్ధతీ చూస్తే పెద్ద డాక్టరు కూడా ఆయన్ని అడిగే సెలవు పెట్టుకుంటారేమో అనిపించేది. ఆయన ఒక గాజు కిటికీకి ఇవతల మిషను ముందు కూర్చునేవారు. అవతల, బయటి చప్పుడు చొరబడని చిన్న గదిలో, హెడ్‌ఫోన్లు పెట్టుకుని పేషెంటు కూర్చునేవాడు. బీప్ వినపడితే చెయ్యెత్తాలి, వినపడకపోతే ఎత్తకూడదు. అంతే పరీక్ష.

ఇంత చిన్న పరీక్షలోనూ జనం కాపీ కొడతారు. ఏమీ వినపడకపోయినా చెయ్యెత్తేస్తారు. పరువు పోతుందని కొందరు, బయట బెంచీ మీద భార్య కూర్చుందని కొందరు. వాళ్ళని పట్టుకోవడానికి చెవుల సారు దగ్గర ఒక కిటుకు ఉంది. బొత్తాం మీద వేలు ఉంచి, నొక్కకుండా ఊరుకుంటారు. శబ్దం లేదు, చెయ్యి మాత్రం లేస్తుంది. "దొరికాడు" అని లోలోపల మురిసిపోతారు. ఈ కిటుకు గురించి ఆయన బస్టాపులో చెప్పారు, మంగలి కుర్చీలో చెప్పారు, ఒకరి పెళ్ళిలో పెళ్ళికొడుక్కి కూడా చెప్పారు. "నా ముందు విన్నట్టు నటించడం ఎవరి తరం కాదు" అనేది చివరి మాట.

ఆదివారాలు మాత్రం ఆయన సంగీత విద్వాంసులు. బావమరిది గిటారు వాయిస్తూ పాడతాడు, ఇంటి తాళాలు బాగుచేసే మేస్త్రి వయొలిన్ వాయిస్తాడు, చెవుల సారు బేస్ గిటారు వాయిస్తారు. సాధన చేసేది మేస్త్రి కొట్టు పైగదిలో. బేస్ అంటే నాలుగు లావుపాటి తీగలున్న గిటారు. పాట ఎవరిదైనా, దాని కింద నేల తనదేనని ఆయన నమ్మకం. బేస్ లేని పాట కాళ్ళులేని కుర్చీ అని బావమరిదికి ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ఆ నేల మీద నడుస్తున్నవాళ్ళలో ఒక్కరైనా కిందికి చూసి "అబ్బ, ఎంత గట్టి నేల!" అంటే చాలు. ఆయనకి జీవితంలో మిగిలిన కోరిక అదొక్కటే.

చిక్కు ఎక్కడ మొదలైందంటే, ఆయన బేస్‌కి శబ్దమిచ్చే యాంప్లిఫయర్ పెట్టె పాడైపోయింది. ఎప్పుడు పాడైందంటే ఎవరూ చెప్పలేకపోయారు. ఒక ఆదివారం మేస్త్రి గది ఊడుస్తూ, పెట్టెని పక్కకి జరిపి, దాని మీది దీపం వెలగడం లేదని గమనించాడు. పోయిన వారమే పోయిందో, పోయిన ఏడాదే పోయిందో! అన్నాళ్ళూ చెవుల సారు దాన్ని వాయిస్తూనే ఉన్నారు. గిటారు పొట్టకి ఆనించుకుని వాయిస్తారు కాబట్టి ఆ అదురు పక్కటెముకల్లోంచి ఎక్కి ఆయనకి బ్రహ్మాండంగా వినపడుతూనే ఉంది. మనుషుల చెవుల జాతకాలు చెప్పే పెద్దమనిషికి ఇందులో వింతేమీ కనపడలేదు. "సాంకేతిక లోపం" అని తేల్చేశారు.

పైగా వచ్చే నెల పార్కు మండపంలో పాడమని పిలుపొచ్చింది. మండపంలో కరెంటు లేదు. కాబట్టి కరెంటు అక్కర్లేని బేస్ కొనాలి. అలాంటివి బజార్లో రెండు రకాలు. ఒకటి అకూస్టిక్ బేస్: పెద్ద చెక్క పొట్ట, మెత్తటి, లోతైన శబ్దం. రెండోది రెజొనేటర్ బేస్: పొట్ట మధ్యలో గిన్నెమూత లాంటి గుండ్రటి రేకు ఉంటుంది, తీగ అదిరితే రేకు అదిరి శబ్దాన్ని వీధి చివరిదాకా విసురుతుంది. ఈ రెండిట్లో ఏది? అసలు కొనడం దండగేమో?

మామూలు మనిషికి ఇది ఒక పూట ఆలోచన. చెవుల సారు చెప్పుల జత కొనడానికే ఎండాకాలంలో మొదలుపెట్టి వానల్లో తేల్చే రకం. ఇక ఇల్లు పీకి పందిరేశారు. ఇంట్లో ఆవిడ కుట్టుమిషను ముందు కూర్చుని ఊళ్ళోవాళ్ళ బట్టలు కుడుతుంటే, ఈయన పక్కన స్టూలు వేసుకుని చెవినిల్లు కట్టుకుని పోరేవారు.

"చెక్కదానికి ఒక గాంభీర్యం ఉందే."

"ఊఁ."

"రేకుదానికి ధాటి ఉంది. కానీ మోటు."

"ఊఁ."

"చెక్క తేమకి ఉబ్బుతుందట. రేకు తుప్పు పడుతుందట. ఏం చెయ్యమంటావ్?"

ఆవిడ పాదం ఆపి, పళ్ళతో దారం తెంపి అంది: "కొనండి, మానండి, నాకు రెండూ సమ్మతమే. ఆ స్టూలు మాత్రం నాక్కావాలి, కాస్త లేవండి."

వాద్యాల కొట్టు యజమాని పరిస్థితి ఇంతకంటే ఘోరం. చెవుల సారు సాయంత్రం ఆసుపత్రి నుంచి నేరుగా అక్కడికే వెళ్ళి, రెండు గిటార్లనీ మార్చి మార్చి ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తల పంకించి, "రేపు చెప్తా" అని లేచేవారు. చూసి చూసి ఒకరోజు యజమాని నోరు విప్పాడు. "సార్, చెక్కది ఒక్కరే కూర్చుని వాయించుకోవడానికి హాయిగా ఉంటుంది. కానీ పక్కన ఇంకో రెండు వాద్యాలున్నాయంటే దాని గొంతు పైకి రాదు. నలుగురిలో వాయించాలంటే రేకుదే తీసుకోండి."

కొట్టువాడు, పైగా అమ్ముకునేవాడు. వినికిడి గురించి తనకే పాఠాలా? చెవుల సారు ఆ మాట పెడచెవిన పెట్టారు.

అదీగాక, చెక్కదే కొనమని బావమరిదీ, మేస్త్రీ ఒకటే పోరు. "బావా, నీ చేతికి చెక్కే అందం. రేకుది నీ స్థాయికి తగదు" అన్నాడు బావమరిది. "మెత్తగా ఉంటుంది సార్, మీ మనసులాగా" అన్నాడు మేస్త్రి, వయొలిన్ తీగ బిగించుకుంటూ, తలెత్తకుండా. ఇంత ప్రేమగా సలహా ఇచ్చే మనుషులు ఎవరికి దొరుకుతారని చెవుల సారు ఇద్దరికీ టీ తెప్పించారు. చివరికి కొట్టు యజమాని, పీడ విరగడైతే చాలని, "ఆదివారం తీసుకెళ్ళి వాయించి చూడండి. నచ్చకపోతే సోమవారం తెచ్చేయండి" అని చెక్క బేస్‌ని సంచిలో పెట్టి చేతికిచ్చాడు.

ఆ ఆదివారం మేస్త్రి పైగదిలో చెవుల సారు కొత్త పెళ్ళికొడుకులా కూర్చున్నారు. మొదటి పాట అవగానే ఇద్దరూ పొగడ్తలకి దిగారు. "అద్భుతం బావా." "గుండె అదిరింది సార్." చెవుల సారు పొంగిపోయి, కొనేద్దామని మనసులో సగం తేల్చుకున్నారు కూడా. రెండో పాట మొదలైంది. బావమరిది మొదటి ముక్క అందుకున్నాడు. ఆ పాటలో బేస్ మూడో వరసలో గానీ రాదని ఆయన లెక్క. చెవుల సారు వేలింకా తీగని ముట్టుకోలేదు. అప్పటికే మేస్త్రి కళ్ళు అరమోడ్చి, ఆయన వైపు తిరిగి, "ఆహా" అన్నట్టు తలాడించాడు.

ఆ తల ఊపు చెవుల సారుకి తెలుసు. గాజు కిటికీకి అవతల రోజూ చూసేదే. బీప్ రాకముందే లేచే చెయ్యి.

ఆయన మూడో పాట మొదలవగానే వేళ్ళు తీగలకి తగలకుండా, వెంట్రుకవాసి ఎడంగా ఆడించడం మొదలుపెట్టారు. పాట పొడుగునా అంతే. వేళ్ళు ఆడాయి, భుజాలు ఊగాయి, మొహంలో గాంభీర్యం ఒలికింది, శబ్దం మాత్రం చుక్క రాలేదు. పాట అయిపోయింది. బావమరిది గిటారు పక్కన పెట్టి, మనస్ఫూర్తిగా, కళ్ళల్లో మెరుపుతో అన్నాడు:

"బావా! ఈ పాటలో బేస్ ఇంత బాగా ఎప్పుడూ కుదర్లేదు!"

"నిజం సార్. ఇవాళే తెలిసింది బేస్ అంటే ఏంటో" అన్నాడు మేస్త్రి.

దొరికారు. దొంగలిద్దరూ ఒకేసారి దొరికారు. కానీ ఈసారి మురిసిపోయే ఓపిక లేకపోయింది. దానికంటే పెద్ద దెబ్బ వేరే తగిలింది. తాను వాయించకపోవడం వల్ల ఆ పాటని ఆయన మొదటిసారి పూర్తిగా విన్నారు. పాట బాగుంది. కుర్చీ కాళ్ళు లేకుండానే నిక్షేపంగా నిలబడింది. గది మూలన ఆయన పాత యాంప్లిఫయర్ పెట్టె మొహం గోడవైపు తిప్పుకుని, మందపాటి దుప్పట్లు రెండు కప్పుకుని కూర్చుంది. అది ఎప్పుడూ అలాగే ఉండేది. దుమ్ము పడకుండా అని చెప్పారు, ఆయన సరేనన్నారు. ఇప్పుడు దాన్ని చూస్తూ కూర్చున్నారు, బావమరిది టీ తెస్తానని కిందికి దిగేదాకా.

ఇంటికొచ్చి సంచి గోడకి ఆనించి, మిషను పక్కన నిలబడ్డారు. స్టూలు మీద బట్టల కుప్ప ఉంది.

"నా బేస్ వాళ్ళకి ఎప్పుడూ వినపడలేదే" అన్నారు. "పెట్టెకి దుప్పట్లు కప్పి, గోడకి తిప్పి పెట్టారు. నీ తమ్ముడే."

ఆవిడ మిషను ఆపింది. "తెలుసు. ఆ దుప్పట్లు మనింట్లోవే కదా! వాడొచ్చి అడిగితే నేనే ఇచ్చాను."

"నువ్వా? నాకొక్క మాట చెప్పలేదేం?"

"చెప్పాను. ఆ రోజే చెప్పాను. 'తమ్ముడికి మీ గిటారు చప్పుడు అడ్డమొస్తోందట, తప్పులు వాయిస్తున్నారట, చెప్పడానికి మొహమాటపడుతున్నాడు, మీరే ఒకసారి కూర్చుని మాట్లాడండి' అని. ఇక్కడే, ఈ స్టూలు మీదే కూర్చున్నారు."

"నేనేమన్నాను?"

"'ఊఁ' అన్నారు." ఆవిడ గుడ్డ తిప్పి మళ్ళీ సూది కింద పెట్టింది. "తరవాత ఇంకో రెండుసార్లు కూడా చెప్పాను. 'ఊఁ' అని, మళ్ళీ మీ పేషెంట్ల సంగతి ఎత్తుకున్నారు. ఎవరో వినపడకుండానే చెయ్యెత్తాడని."

సిగ్గుతో చెవుల సారు చెవులు ఎర్రబడ్డాయి. ఎదుటివాళ్ళ చేతులు లెక్కపెడుతూ బతికిన మనిషికి తన చెయ్యి ఎన్నాళ్ళనుంచి గాల్లో ఉందో ఆ సాయంత్రం తెలిసింది. బట్టల కుప్ప ఎత్తి మంచం మీద పెట్టి, స్టూలు మీద కూర్చుని, "ఇంకేమేం చెప్పావు నాకు?" అని అడిగారు. ఆవిడ ఒకసారి ఆయన మొహంలోకి చూసి, నిజంగానే అడుగుతున్నారని నమ్మకం కుదిరాక, మొదలుపెట్టింది. చాలానే ఉన్నాయి. మధ్యలో ఒక్క "ఊఁ" కూడా అనకుండా వినడం ఎంత కష్టమో ఆయనకి అప్పుడు తెలిసింది.

సోమవారం సాయంత్రం కొట్టుకి వెళ్ళి చెక్క బేస్ తిరిగిచ్చేశారు. "రేకుది ఇవ్వండి" అన్నారు.

యజమాని అనుమానంగా చూశాడు. "వాయించి చూస్తారా?"

"అక్కర్లేదు."

"రేపు చెప్తారా?"

"ఇప్పుడే తీసుకెళ్తాను." యజమాని ఆయన మనసు మారకముందే సంచి జిప్పు లాగేశాడు.

మరుసటి ఆదివారం ఆ సంచి చూసి బావమరిది, మేస్త్రి మొహాలు చూసుకున్నారు. చెక్కది ఏమైందని అడగబోయి మానేశారు. బావమరిది పాట ఎత్తుకున్నాడు. మూడో వరస రాగానే చెవుల సారు తీగ మీటారు. రేకు గంయ్‌మంది. కిటికీ అద్దం గిలగిలలాడింది. కింద కొట్లో గోడకి వేలాడుతున్న తాళంచెవులన్నీ ఒక్కసారి గలగలమన్నాయి. మేస్త్రి చేతిలోంచి వయొలిన్ కమాను జారింది. ఇంకో రెండు వరసలు అలాగే గడిచాక బావమరిది ఆపేశాడు.

"బావా... ఒక్క నిమిషం. నువ్వు తప్పు వాయిస్తున్నావు."

"ఎక్కడ?"

బావమరిది మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి నేల వైపు చూశాడు. "మొదట్నుంచీ" అన్నాడు బావమరిది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏమో బావా. ఎవరు విన్నారు?"

బావమరిది ఇక తిట్లు పడతాయని తల వంచుకున్నాడు. చెవుల సారుకి ఏడుపొచ్చినంత పనైంది. అవమానం ఉంది, లేదనడానికి లేదు. కానీ దానికంటే పెద్దగా, చెప్పుకోవడానికి సిగ్గేసేంత సంతోషం ఉంది. తప్పు వాయిస్తున్నావని చెప్పాలంటే ముందు వినాలి కదా! ఇన్నేళ్ళ అద్భుతాలూ, ఆహాలూ ఒక ఎత్తు, ఈ ఒక్క మాట ఒక ఎత్తు.

ఆయన బేస్‌ని ఒళ్ళోంచి తీసి పక్కన పడుకోబెట్టారు.

"మీరిద్దరూ వాయించండి. నేను వింటాను. నేను ఎక్కడ రావాలో అక్కడ చెయ్యెత్తుతాను. సరైన చోట ఎత్తానో లేదో మీరు చెప్పండి. మొహమాటపడొద్దు."

బావమరిది నమ్మలేనట్టు చూసి, గిటారు అందుకున్నాడు. పాట మొదలైంది. చెవుల సారు కళ్ళు మూసుకుని, వీపు నిటారుగా పెట్టి, గాజు కిటికీకి అవతలి కుర్చీలో పేషెంట్లు కూర్చున్నట్టే కూర్చున్నారు. మూడో వరస దగ్గర చెయ్యెత్తారు.

"కాదు" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఆయన చెయ్యి దించి, "మళ్ళీ" అన్నారు.