ఎర్ర చాకా, ఉక్కు పటకారా

వేలెడు లావు ఇనుప గొలుసును జేబులోంచి తీసిన పనిముట్టుతో రెండు నిమిషాల్లో తెంచి, కదలబోయే రైల్లోంచి ఒక ఆడపిల్లనూ ఆమె ఉద్యోగాన్నీ ఒడ్డున పడేసినవాణ్ణి నేను. ఈ సంగతి చిత్తూరులో మా వీధి టీ అంగడి దగ్గర ఐదారు సార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ గొలుసు కొంచెం లావెక్కింది. మొదటిసారి అది చిటికెన వేలంత ఉండేది. కాగితం మీద పెట్టబోతే మాత్రం చెయ్యి అంత ధైర్యంగా సాగడం లేదు. జరిగిన వరసలోనే రాస్తాను. నా నోరు ఎక్కడ జారిందో అక్కడే ఒప్పుకుంటాను.

ముప్పై ఏళ్ళు టెలిఫోను స్తంభాలెక్కి తీగెలు కలిపిన ఉద్యోగం నాది. రిటైరైన నాడు కటింగ్ ప్లేయరు ఆఫీసులో అప్పగించి వచ్చాను. అప్పటినుంచి జేబు తేలికైపోయి నడకలో ఏదో వెలితి. అది తీర్చుకోవడానికి మూడు మల్టీటూళ్ళు కొన్నాను. మొదటిది చింతకాయంత ఎర్ర చాకు. అందులో ఒక బ్లేడు, చిన్న కత్తెర, ముల్లు తీసే సన్నటి శ్రావణం, పన్నుపుల్ల ఉంటాయి. రెండోది ఉక్కుది. రెండు పిడులూ విప్పితే నడుమ పటకారు లేస్తుంది. పిడుల్లో బ్లేడు, ఆకురాయి, రంపం, స్క్రూడ్రైవర్లు దాక్కుని ఉంటాయి. మూడోది దానికి నకలు, తిరుపతి బస్టాండు దగ్గర పేవ్‌మెంటు మీద బేరమాడి తెచ్చింది.

వారానికొకటి జేబులో వేసుకుని తిరిగి, ఏది ఏ పనికి అక్కరకొచ్చిందో నోటుపుస్తకంలో రాసేవాణ్ణి. పటకారు మంచిదో కాదో తెలియాలంటే దవడలు మూసి వెలుతురుకు ఎత్తి చూడాలి. సందులోంచి వెలుగు కనబడితే అది పటకారు కాదు, బొమ్మ. నకలుదాని సందులోంచి ఎదురింటి మేడే కనిపించింది. దాన్ని అటకెక్కించాను. ఇక పోటీ రెండింటి మధ్య. మాత్రల అట్ట కత్తిరించాలన్నా, కాల్లో ముల్లు తీయాలన్నా, కొరియరువాడు తెచ్చిన పొట్లం విప్పాలన్నా చెయ్యి ఎర్రదాని మీదికే పోయేది. ఉక్కుది పావుకిలోకు దగ్గరగా తూగి, రెండు చొక్కా జేబులు చింపింది.

"జేబులో కొలిమి పెట్టుకోని తిరగతా ఉండావు. దాని బరువుకు యాడన్నా బోర్లా పడితే లేపేదానికి ఇద్దురు మనుషులు కావల్ల," అనేది మా ఆవిడ.

నోటుపుస్తకం లెక్కన గెలిచింది ఎర్ర చాకే. నేను గెలిపించింది మాత్రం ఉక్కుదాన్ని. లైన్‌మన్ జేబులో కత్తెరేమిటి, పన్నుపుల్లేమిటి? పోయిన చలికాలంలో హైదరాబాదులో బావమరిది కొత్త ఇంట్లో చేరితే వెళ్ళాం. రెండూ నా వెంటే ఉన్నాయి. బయల్దేరే పూట ఎర్రదాన్ని బావమరిది ముచ్చటపడి చూస్తుంటే, "ఇది నాకొద్దులే, నువ్వు పెట్టుకో," అని చేతిలో పెట్టేశాను. దాని తోకకు ఒక రింగు ఉండేది. ఆ రింగుకు ఏముందో నాకు అప్పుడు గుర్తు లేదు.

తిరుగు రైల్లో ఎదురు బెర్తు ఒక అమ్మాయిది. నగరిలో మరమగ్గాలు నడిపే ఇంటి పిల్ల. హైదరాబాదులో ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ సర్కారు టీచరు పరీక్ష రాసి ర్యాంకు తెచ్చుకుంది. మర్నాడు ఉదయం పదింటికి తిరుపతిలో సర్టిఫికెట్ల పరిశీలన. ఆ వేళకు అసలు కాగితాలతో హాజరు కాకపోతే తర్వాతి పేరు పిలుస్తామని మెసేజి వచ్చిందట. పదో తరగతి మొదలు అన్ని కాగితాలూ ఒక నీలం ఫైలులో, ఆ ఫైలు కొత్త బ్యాగులో పెట్టుకుని, బ్యాగును ఒళ్ళోంచి దించడం లేదు. పడుకునేటప్పుడు తలకింద పెట్టుకుంటానంది.

"తలకింద ఏమిటికి పాపా? మా పెట్టెతో పాటు గొలుసేసి కట్టేస్తా. ఈ తాళం తియ్యాలంటే నేనన్నా రావల్ల, యముడన్నా రావల్ల," అన్నాను.

పెట్టె పిడిలోంచి, ఆమె బ్యాగు పిడిలోంచి, బెర్తు కింద ఉండే ఇనుప కడ్డీలోంచి మా గొలుసు తిప్పాను. అంతటితో ఆగి ఉంటే ఇంత కథ లేదు. చెయ్యి దూర్చి దొంగిలించే అవకాశం కూడా ఇవ్వకూడదని, గొలుసు కొసలతో పాటు ఆమె బ్యాగు జిప్పులను పట్టి లాగే రెండు చెవుల్లోంచీ తాళం కొక్కెం దూర్చి నొక్కాను. నొక్కితే పడిపోయే తాళం. పడేటప్పుడు దానికి తాళంచెవితో పని లేదు.

తెల్లారి చూస్తే బండి రెండున్నర గంటలు ఆలస్యం. కోడూరు దాటేసరికి ఎనిమిదింబావు. రేణిగుంటలో తొమ్మిదింటికి దిగితే తిరుపతి అరగంట. "సరిపోతాదిలే పాపా," అంటూ తాళం తీయడానికి వంగాను. చొక్కా జేబు తడిమాను. ప్యాంటు జేబు తడిమాను. మా ఆవిడ చేతిసంచి తిరగేశాను. అప్పుడు కళ్ళముందు మెదిలింది ఎర్ర చాకు. దాని తోకకు రింగు, ఆ రింగుకు తాళంచెవి. హైదరాబాదులో, బావమరిది జేబులో.

అమ్మాయి మొహం ఉతికిన గుడ్డలా తెల్లబోయింది. "తాతా, నా ఫైలు," అంది, అంతే.

"ఏం భయం లేదు," అని ఉక్కుదాన్ని విప్పి కింద కూర్చున్నాను. రెండు నిమిషాలన్నది ఇక్కడి మాట. రెండు నిమిషాల్లో అయింది ఒకటే: తీగె కోసే పదును గొలుసు మీద పెట్టి రెండు చేతులా నొక్కితే, గొలుసుకు గీత పడలేదు, నా పదునుకు నొక్కు పడింది. ముప్పై ఏళ్ళు రాగితీగె కోసినవాడికి రాగికీ ఉక్కుకీ తేడా తెలియదా? తెలుసు. తెలిసినా ఆకురాయి తీశాను.

పక్క బెర్తులో బట్టల వ్యాపారి ఒకాయన కాళ్ళు పైకి పెట్టుకుని చూస్తున్నాడు. "పెద్దాయనా, అది తెగే లోపల మద్రాసు వస్తాది," అన్నాడు.

"నువ్వు గమ్మునుండప్పా. దీని రకం ఉక్కు నీకు తెల్దు."

"తెలవకపోతే ఏమి? ఇట్లియ్యి, తాళం మీద రెండు దెబ్బలు ఏస్తా. ఊడొస్తాది."

"ఇది సుత్తి కాదు. దెబ్బ పడితే కీలు వదులైపోతాది," అన్నాను.

అడవిలో బండి నెమ్మదించింది. బాలపల్లె దగ్గర సిగ్నలు కోసం నిలబడిపోయింది. అమ్మాయి ఫోను తీసి టైము చూసి మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంటోంది. ఎనిమిది నలభై. నేను ఆకురాయితో రుద్దుతున్నాను. ఇనుప రజను రాలాలి కదా, రాలేది నా చెమట. బెర్తు కింది కడ్డీనే ఊడదీద్దామని స్క్రూడ్రైవరు తీశాను. అక్కడ స్క్రూలే లేవు, అతికించిన కడ్డీ. రంపం తీశాను. అది కొమ్మలు కోసేది, పళ్ళు నాలుగు విరిగాయి. మా ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, "ఆ పిల్ల మొగం ఒకతూరి సూడయ్యా," అంది. చూడలేదు. చూస్తే చెయ్యి ఆగిపోతుందని భయం.

మామండూరు దాటింది. చెట్లు పలచబడి, గోడౌన్లు, లారీలు కనబడ్డాయి. రేణిగుంట వచ్చేసిందని జనం తలుపుల దగ్గరికి జరుగుతున్నారు. ఇక్కడ దాటిపోతే మళ్ళీ ఆగేది పుత్తూరులో. అక్కడినుంచి బస్సు పట్టుకుని వెనక్కి వచ్చేసరికి పది కాదు, పదకొండు. అందరూ ఆ లెక్కే వేసుకుంటున్నట్టు తెలుస్తోంది.

బండి ఆగింది. తొమ్మిది ఐదు. అమ్మాయి నా పక్కన మోకాళ్ళ మీద కూలబడి బ్యాగును రెండు చేతులా లాగుతోంది. గొలుసు గలగలలాడుతోంది తప్ప కదలదు. టీ వాళ్ళ కేకలు, కూలీల కేకలు. మా ఆవిడ కిటికీలోంచి, "గార్డు పచ్చజెండా తీసినాడు," అని అరిచింది.

అప్పుడు నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. టీ అంగడి దగ్గర ఇక్కడ ఒక్క క్షణం ఆగి, అందరి మొహాలూ చూసేవాణ్ణి. గొలుసెందుకు? జిప్పు చెవులు చాలు! పటకారు నోట్లో ఒక చెవిని పట్టి తిప్పాను. పుటుక్కుమంది. రెండోదీ అంతే. గోటి మందం రేకు. అదీ నేను తెంచిన వేలెడు లావు గొలుసు. పేవ్‌మెంటు నకలు కూడా తెంచగలదు దాన్ని.

తెగిన చెవి మొదలు పట్టి లాగాను. జిప్పు జానెడు తెరుచుకుంది. అమ్మాయి చెయ్యి దూర్చి ఫైలు లాగింది. బండి కదిలింది. "బ్యాగు దించుకోని పుత్తూరు బస్టాండులో ఉంటాము, నువ్వు పరిగెత్తు!" అని మా ఆవిడ ఆమెను తలుపు దాకా నెట్టుకుంటూ పోయింది. అమ్మాయి ఫైలును గుండెకు అదుముకుని ప్లాట్‌ఫారం మీదికి దూకింది. రెండడుగులు తూలి మోకాళ్ళ మీద పడింది. ఫైలు మాత్రం వదల్లేదు. లేచి మెట్ల వైపు పరిగెత్తడం కిటికీలోంచి చూశాం. తర్వాత స్తంభాలు అడ్డొచ్చాయి.

మేమూ అక్కడే దిగాల్సినవాళ్ళం. పెట్టె గొలుసుకే ఉంది కదా, దిగలేకపోయాం. బట్టల వ్యాపారి ఏమీ అడగకుండా నా చేతిలోంచి ఉక్కుదాన్ని లాక్కుని, తాళాన్ని నేలకు ఆనించి రెండు దెబ్బలు వేశాడు. తాళం ఊడొచ్చింది. ఆ పనిముట్టు వచ్చిన అట్టపెట్టె మీద పద్నాలుగు పనులు రాసి ఉన్నాయి. సుత్తి పని వాటిలో లేదు.

పుత్తూరులో దిగి బస్టాండులో కూర్చున్నాం. తిరుపతి నుంచి నగరి పోయే బస్సు అక్కడ ఆగుతుంది. మా ఆవిడ దగ్గర అమ్మాయి నంబరు ఉంది. రాత్రి పులిహోర పంచుకునేటప్పుడే తీసుకుందట. ఫోను చేస్తే ఎత్తలేదు. పదిన్నరకూ లేదు, పన్నెండుకూ లేదు. తలుపు దగ్గర ఆ పిల్ల తూలిపడడం నాకు పదేపదే కనబడుతోంది. బోల్తా పడి చక్రాల వైపు జారి ఉంటే? ఆలోచన అక్కడిదాకా వెళ్ళి వెనక్కి వచ్చేది. భయం తగ్గించుకోవడానికి నేను ఎప్పుడూ చేసే పనే చేశాను. టీ అంగడి దగ్గరికి పోయి, పక్కన నిలబడ్డవాళ్ళతో మాట కలిపాను. గొలుసు పుట్టింది అక్కడే.

సాయంత్రం ఐదవుతుండగా బస్సు దిగింది అమ్మాయి. మోకాలి దగ్గర చుడీదారు చిరిగి మట్టి అంటి ఉంది. నేను అప్పుడు మూడోసారి చెబుతున్నాను. టీ కాచే ఆయన గరిటె ఆపి వింటున్నాడు. "ఇదిగో, ఈ పిల్లే! సెప్పమ్మా, పని అయిందా లేదా?" అన్నాను.

"అయింది," అంది. మా ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది. నా ఛాతీ పొంగింది.

"సూసినారా? కరెక్టు టైముకు ఆ జిప్పు సంగతి నాకు తట్టకుండా ఉంటే..."

అమ్మాయి నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది. గొంతు పెంచలేదు.

"నీకు తట్టలేదు తాతా. జిప్పు చెవులు తెంపెయ్యమని నేను కోడూరు కాడనే సెప్పినాను. అవ్వ గూడా సెప్పింది. కొత్త బ్యాగు సెడిపోతాదని నువ్వే ఇనలా. ఫైలొకటే సేతికొచ్చింది, జిరాక్సులూ ఫోటోలూ బ్యాగులోనే ఉండిపోయినాయి. అవి మళ్ళా తీయించుకోని పోయేసరికి పదింబావు, నా పేరు పిలిసేసినారు. కాళ్ళావేళ్ళా పడితే అందురి కడాన పిలిసినారు, నాలుగింటిదాకా నిలబెట్టినారు. నువ్వు నన్ను కాపాడలా. నువ్వు లేకపోతే నేను బ్యాగు భుజానికి తగిలించుకోని, నడుసుకుంటా దిగిపోయుందును."