కుట్టులేని అంగీ

మల్కాపురం మెయిన్ రోడ్డు మీద మూడు షట్టర్ల బట్టల కొట్టుని ఒక్క చీటీముక్కకి వదిలేసిన మొనగాణ్ణి నేనే. మా ఇంట్లో తాతల నాటి నుంచీ అందరూ బేరగాళ్ళే. ఇంత దర్జాగా నష్టపోయినవాడు మాత్రం నాకు ముందూ లేడు, తర్వాతా లేడు.

మొన్న ఆ కొట్టు ముందు స్కూటరు ఆపాను. ఇప్పుడది అన్నయ్యది. లోపల తెల్ల పాప్లిన్ చింపుతున్నారు. అంచున కత్తెరతో గాటు పెట్టి, రెండు చేతులా పట్టుకుని లాగితే చర్రుమంటూ ఒకే గీతలో సాగిపోతుంది గుడ్డ. దాంతోపాటు కొత్త గంజి వాసన లేస్తుంది. పక్కనున్న రిఫైనరీ వాసనను కూడా తోసుకుని వచ్చే వాసన అది. ఆ చప్పుడు వినగానే నాకు దయామణి టీచరుగారి భుజాలు గుర్తొస్తాయి. గుడ్డ చింపినప్పుడల్లా అవి చిన్నగా ముడుచుకునేవి.

ఆవిడ మా ఇద్దరికీ బళ్ళో తెలుగు చెప్పారు. రిటైరయ్యాక మా వెనక వీధిలోనే ఉండేవారు. ఏటా ఈస్టరుకి ముందు చర్చిలో పాటలు పాడే పిల్లలకి తెల్ల అంగీలు కుట్టించేవారు, గుడ్డ మా దగ్గరే కొనేవారు. ధర దగ్గర ఒక్క మాట అనేవారు కాదు. నేను చెప్పిందే ధర. కొలత పూర్తయ్యాక మాత్రం, "ఇప్పుడు కొసరు వెయ్యి" అనేవారు. నేను జానెడు చూపిస్తే ఆవిడ బారెడు చూపించేవారు. వాదించి గెలిచాననే అనుకునేవాణ్ణి, తీరా చూస్తే లాభమంతా ఆ కొసరులో కలిసి వెళ్ళిపోయేది. ఆ కొసరుతో ఏటా ఒక అంగీ ఎక్కువ వచ్చేదని, అది గుడ్డ కొనుక్కోలేని ఏ పిల్లకో వెళ్ళేదని తర్వాత తెలిసింది.

ఒకసారి అడిగేశాను, గుడ్డ చింపితే మీకేటండీ అంత బాధ అని. ఆవిడ స్టూలు మీద సర్దుకుని కూర్చుని, సిలువ దగ్గరి సంగతి చెప్పారు. సిలువ వేసిన సైనికులు ప్రభువు బట్టలు నాలుగు వాటాలు చేసుకున్నారట. అంగీ మిగిలిందట. దానికి కుట్టు లేదు, పైనుంచి కిందిదాకా ఒకటే నేత. దాన్ని చింపకుండా, ఎవరికి వస్తే వారిదని చీట్లు వేసుకున్నారట.

నాలోని బట్టల వ్యాపారి ఊరుకోలేదు. "తెలివైనోళ్ళండీ. సింపితే తుండుగుడ్డలే, ఉంచితే అంగీ. మా నాన్నయినా అదే సేత్తాడు."

టీచరుగారు నవ్వు ఆపుకోలేకపోయారు. "ఎన్ని ప్రసంగాలు విన్నానో, ఆ సైనికుల్ని మెచ్చుకున్నవాడివి నువ్వొక్కడివేరా సూరీ. గుడ్డ వరకూ బాగానే చదివావు. మిగతాది తర్వాత చదువుదువు గాని."

నాన్నకి పక్షవాతం వచ్చాక ఆ తర్వాత అనేది వచ్చింది. మాట పడిపోయింది, కుడి చెయ్యి పడిపోయింది. కొట్టు మీది గదిలో పడుకోబెట్టాం. ఏదైనా కావాలంటే ఎడమచేతి ఉంగరంతో మంచం పట్టె మీద కొట్టేవాడు. కింద అన్నయ్యా నేనూ పంపకాలకి దిగాం. మూడు షట్టర్లు, ఇద్దరు కొడుకులు. మధ్య షట్టరు దగ్గరే పేచీ. అక్కడ గోడ కట్టాలని అన్నయ్య, కడితే రెండూ కొట్లు కావు, గూళ్ళవుతాయని నేను.

గుడ్ ఫ్రైడే నాడు కొట్టు మూసి, మధ్యాహ్నం నుంచీ అరుచుకున్నాం. తాపీమేస్త్రి సుద్దముక్కతో గీత గీసి, మా తగువు తేలేలా లేదని వెళ్ళిపోయాడు. అప్పుడు నాకు టీచరుగారి వచనం వెలిగింది. కొట్టు చింపొద్దు, చీటీ వేద్దాం, ఓడినవాడు సగం సరుకు పట్టుకుపోవాలి అన్నాను. అన్నయ్య ఎగాదిగా చూసి, "సీట్లు రాసేవోడివి నువ్వైతే తియ్యీవోణ్ణి నానే" అన్నాడు. సరేనని రాస్తున్నాను. ఇంతలో లోపలి మెట్ల మీదుగా టీచరుగారు దిగి వచ్చారు. చర్చి నుంచి తిన్నగా నాన్నను చూడ్డానికి పెరటి దారిన పైకి వెళ్ళారట. మా అరుపుల్లో మాకు తెలియనే లేదు. తెల్ల చీర, చేతిలో ఖాళీ స్టీలు గ్లాసు.

గొప్పగా చెప్పాను, మీ వచనమే టీచరుగారూ, చింపకుండా చీట్లు వేసుకుంటున్నామని.

ఆవిడ కోప్పడలేదు. గ్లాసు కౌంటరు మీద పెట్టారు.

"బాగుంది నాయనా. వాళ్ళూ కిందే కూర్చుని చీట్లు వేసుకున్నారు, పైన ఆయన ప్రాణం పోతూంటే. ఆ పేజీలోనే, నాలుగు వచనాల కింద, ఆయన దాహమన్నాడు." గ్లాసు వైపు చూపించి అన్నారు: "మీ నాన్న ఎప్పట్నించి మంచం పట్టె కొడుతున్నాడో ఏమో. వేలు కందిపోయింది."

మా ఇద్దరిలో ముందు పరిగెత్తింది అన్నయ్యే. ఆ మాట ఒప్పుకోవాలి.

నాన్న పెదాలు ఇంకా తడిగా ఉన్నాయి. చీట్లు ఆయన ముందే పెట్టాం. ఎడమచేత్తో ఒకటి తీశాడు. అన్నయ్య పేరు. పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది, బేరం మొదలుపెట్టాను.

"కొట్టు నీదే అన్నయ్యా. కొసరు ఇయ్యాల."

"ఏటి కావాలి?"

"నాన్న నా కాడుంటాడు."

అన్నయ్య వంగి నాన్న దుప్పటి సర్దాడు. "అది కొసరేట్రా," అన్నాడు, "ఆదివారాలు మాత్రం నాకొగ్గీ, నాను సూసుకుంటాను."

అలా నేను నాన్నతో, సగం సరుకుతో దువ్వాడ చేరి చిన్న కొట్టు పెట్టాను. టీచరుగారు బస్సెక్కి వచ్చి చూసి వెళ్ళేవారు. మా దేవుడి గూట్లో దీపం మాది, ఆవిడ ప్రార్థన ఆవిడది. మతం మారమని ఏనాడూ అడగలేదు. ఒకసారి నాన్న పక్కన కూర్చుని ఉండగా, ఆ అంగీ నేసిందెవరండీ అని అడిగాను. "రాయలేదురా. తల్లే నేసి ఉంటుందని నేననుకుంటాను. ఆవిడ ఆ సిలువ దగ్గరే నిలబడి ఉందిగా" అన్నారు. నాన్న కళ్ళు తెరిచే ఉన్నాయి. షట్టరు తరవాత షట్టరు కట్టిన మనిషి, కొడుకులు గీయించుకున్న సుద్దగీతకి పైగదిలో పడుకుని మా అరుపులు ఎన్నాళ్ళు విన్నాడో.

ఇప్పుడు నాన్న లేడు. నిరుడు టీచరుగారూ వెళ్ళిపోయారు. ఆవిడ శవపెట్టెకి తెల్ల గుడ్డ మా పాత కొట్టు నుంచే వెళ్ళింది. అన్నయ్య పాప్లిన్ తాను పరిచి, కత్తెర నా చేతికిచ్చాడు. చింపలేదు, చివరిదాకా కత్తిరించాను. బారెడు కొసరు వేశాను.

ఇక లెక్క. మూడు షట్టర్లు పోయినందుకు బాధ లేదంటే అబద్ధం. పెళ్ళిళ్ళ రోజుల్లో అక్కడి రద్దీ చూస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది. నాన్నను అడిగింది ప్రేమతోనో, ఉత్తచేతులతో లేవకూడదన్న బేరగాడి పంతంతోనో తేల్చుకోలేదు. దువ్వాడలోనూ ఆ ఉంగరం చప్పుడు విని, ముందున్న గిరాకీని వదల్లేక, "వత్తన్నాను" అని కూర్చుండిపోయిన రోజులున్నాయి. అవన్నీ ఖర్చులోనే రాయాలి. జమలో ఒక్కటే ఉంది. గుడ్డకి గాటు పెట్టాక, చింపే ముందు, ఒకసారి తలెత్తి పైకి చూస్తాను. పైన గది లేదు, ఒట్టి రేకులే. అయినా చూస్తాను.