హవల్దారు మడతకత్తి

దయ్యాన్ని చూశానని ఎవరైనా చెబితే, ఒకసారి మా షాపుకొచ్చి కళ్ళు చూపించుకోమని నవ్వేవాణ్ణి. నాయుడుపేటలో నాది కళ్ళజోళ్ళ షాపు. మా నాన్న పాస్టరు. చనిపోయినవాళ్ళు తిరిగొచ్చి ఎవరినీ పట్టుకోరని చెబుతూ పెంచాడు. ఆ విషయంలో నాకెప్పుడూ అనుమానం రాలేదు. ఇప్పుడు రాస్తున్నది దయ్యం గురించి అని కూడా నేననడం లేదు. అదేమిటో తెలియక, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాకు పాత మిలిటరీ సామాన్ల పిచ్చి. గుడ్డ తొడుగున్న నీళ్ళ సీసాలు, ఒకదానిలో ఒకటి దూరే అన్నం డబ్బాలు, ఇత్తడి బకిల్ బెల్టులు, అన్నిటికంటే ఎక్కువగా సిపాయిలు వాడిన కత్తులు. కొన్ని చెన్నైలో పాత సామాన్ల సందుల్లో దొరికాయి. కొన్ని రిటైరైన సైనికుల ఇళ్ళల్లో అడిగి తెచ్చుకున్నాను. ఈ వ్యవహారంలో మోసం ఎక్కువ. నిన్న చేసిన కత్తికి ఆసిడ్ పూసి యుద్ధంలో వాడిందని అంటగడతారు. అందుకని ఏ వస్తువునైనా ముందు అనుమానంతోనే పట్టుకుంటాను. మా ఆవిడ గ్రేస్ వీటికోసం ఒక బీరువా వదిలేసింది. అది దాటి బయటికొస్తే ఊరుకోదు.

చిట్టమూరు మండలంలో ఒక ఊళ్ళో రమణమ్మ గారని ఒక పెద్దావిడ ఉంది. ఆమె భర్త పెంచలయ్య సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చి, తర్వాత సొంత ఊళ్ళో వరి పండించుకున్నాడు. ఏళ్ళ క్రితమే పోయాడు. వాగుల మీద తాత్కాలికంగా వంతెనలు కట్టే దళంలో ఉండేవాడట. ఆమె కళ్ళజోడు కోసం మా షాపుకొచ్చినప్పుడు మాటల్లో ఆయన పెట్టె సంగతి తెలిసింది. అద్దాలు తయారయ్యాక, నేనే తెచ్చిస్తానని చెప్పాను. ఆ పెట్టె చూడాలన్న ఆశ లేకపోలేదు.

అది వానాకాలం చివర. వాయుగుండం పట్టి కొన్ని రోజులుగా ముసురు. ఆ రోజు కాస్త తెరిపి ఇచ్చిందని నా స్నేహితుడు బాషా బండి మీద ఉదయమే బయలుదేరాం. ఊరికి ఇవతల ఒక వాగుంది. దాని మీద వంతెన లేదు, చప్టానే. రోడ్డు మీదుగానే నీళ్ళు పారతాయి. మేం పోయేటప్పుడు చక్రాలు సగం కూడా తడవలేదు.

రమణమ్మ గారు పెట్టె తెరిచింది. యూనిఫాంను చెదలు తినేశాయి. మిగిలినవాటిలో ఒక మడతకత్తి ఉంది. నల్ల పిడి, ఒకవైపు పొట్టి బ్లేడు, డబ్బాలు కోసే ముక్కు, వెనకవైపు దబ్బనంలాంటి లావుపాటి ఇనుప మొన. అసలైనదే, సందేహం లేదు. నేను అడక్కుండానే ఆమె దాన్ని తీసి, చీర కొంగుతో తుడిచి, కాసేపు చేతిలోనే పెట్టుకుని, నాకిచ్చింది.

"తీసకపో అబ్బయ్యా. తుప్పు పట్టి పోతుండాది. నీకాడైతే పదిలంగా ఉంటది."

ఆ ఇనుప మొన దేనికో నాకు తెలుసు. రెండు తాళ్ళను ముడి లేకుండా అల్లి అతికేటప్పుడు పురుల్ని విడదీయడానికి. తెలుసు అంటే చదివి తెలుసు. చేతిలో తాడు పట్టుకుని అల్లింది మాత్రం లేదు. చిన్న చిన్న స్క్రూలు తిప్పే చేతులు నావి. బండి మీద మూట కట్టాలన్నా బాషానే కట్టాలి.

టీ తాగి, కత్తి ప్యాంటు జేబులో వేసుకుని బయలుదేరాం. పైన ఎక్కడో చెరువు కట్ట తెగిందని చప్టా దగ్గరికి వచ్చాకే తెలిసింది. నీళ్ళు ఎర్రగా, మోకాళ్ళ పైకి పారుతున్నాయి. మధ్యలో ఒక ఆటో ఆగిపోయి, అంచున పాతిన రాళ్ళకు ఆనుకుని ఒరిగి ఉంది. లోపల డ్రైవరు, ఒక ముసలామె, చంటిబిడ్డతో ఒక చిన్నమ్మాయి. ఆ పిల్ల బిడ్డను తలకంటే పైకి ఎత్తి పట్టుకుంది. ఏడవడం లేదు. మా వైపే చూస్తూ ఉంది.

ఊరివాళ్ళు పదిమంది దాకా చేరారు. వాళ్ళ దగ్గర ట్రాక్టరు మీద గడ్డి కట్టే నైలాన్ తాళ్ళు రెండు ఉన్నాయి గానీ ఏదీ ఒక్కటే ఆటో దాకా అందదు. రెండూ ముడివేసి, ఒక కొస తాటిచెట్టుకు, ఇంకో కొస తన నడుముకు కట్టుకుని ఒకతను దిగాడు. సగం దూరం పోయేసరికి తడిసిన నైలాన్ ముడి జారి ఊడిపోయింది. అతను కొట్టుకుపోతూ రాయి పట్టుకుని ఎలాగో బయటపడ్డాడు. మళ్ళీ గట్టిగా ముడివేసి నలుగురూ లాగి చూశారు. మళ్ళీ జారింది. ఆటో ఇంకొంచెం ఒరిగింది.

"కొసలు పీచు లేచిపోయినాయి, కోసెయ్యాల. కత్తుందా ఎవురికాడన్నా?" అని ఎవరో అరిచారు.

నా దగ్గరుందని ముందుకు పోయాను. ఇంతవరకు నేను చేసిన పని. తర్వాతది నేను చేశానని చెప్పడానికి నోరు రావడం లేదు.

బ్లేడు తెరవబోయి ఇనుప మొన తెరిచాను. తాళ్ళు తీసుకుని బురదలో కూర్చున్నాను. కొసల్లో పురులు విప్పాను, ఎదురెదురుగా పెట్టాను, మొనతో సందు చేసి ఒక పురిని దూర్చాను, లాగాను, తిప్పాను, ఇంకో పురి దూర్చాను. ఎవరి గొంతూ వినిపించలేదు. ఒళ్ళు జలదరించలేదు. ఇది నమ్మండి, ఆ సమయంలో నేను ఆలోచిస్తున్నది బండి సైలెన్సర్లోకి నీళ్ళు పోతాయేమోనని. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. మనం అన్నం కలుపుకునేటప్పుడు వేళ్ళ గురించి ఆలోచించం కదా, అలా.

అయిపోయాక లేచి తాడు వాళ్ళకిచ్చాను. నలుగురు ఇటు, నలుగురు అటు లాగారు. అతుకు కదల్లేదు. ఇందాకటి మనిషే మళ్ళీ దిగి ఆటో దాకా పోయి కొస కట్టాడు. ముందు బిడ్డను తీసుకొచ్చారు. తర్వాత ఆ పిల్ల, ముసలామె, చివరికి డ్రైవరు, తాడు పట్టుకుని వచ్చారు. అందరూ గట్టెక్కాక ఆటో రాళ్ళు దాటి వాగులోకి దొర్లిపోయింది.

నేను కత్తి మడిచి జేబులో వేసుకున్నాను.

కొండయ్య అని ఆ ఊరి పెద్దమనిషి ఒకాయన తాడు చేతిలోకి తీసుకుని అతుకు మీద వేలు పెట్టి తడిమాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఇది పెంచలయ్య అల్లికయ్యా. నీకెవురు నేర్పినారు?"

ఎవరూ నేర్పలేదన్నాను. ఆయన నమ్మలేదు. ఒక పురి చివరను లోపలికి దూర్చకుండా, పైన చుట్టి బయటే వదిలేశానట. నేను అప్పుడే చూశాను. ఎందుకలా వదిలానో నాకు తెలియదు.

దారి లేదు కాబట్టి మళ్ళీ రమణమ్మ గారింటికే పోయాం. కొండయ్య తాడు భుజాన వేసుకుని మా వెంట వచ్చి సంగతి చెప్పాడు. ఆమె అతుకు చూసి మమ్మల్ని పెరట్లోకి తీసుకుపోయింది. గొడ్ల చావిట్లో గేదె పలుపు ఒకటి కొయ్యకు వేలాడుతోంది. మధ్యలో అతుకు. దానికీ ఒక పురి పైన చుట్టి వదిలేసి ఉంది.

"ఆయన అల్లిన తాడని గుర్తు. వేరేవాళ్ళు తీసకపోతే కనిపెట్టేదానికి" అంది.

ఉదయం నేను పెరట్లోకి పోలేదు. బాషా కూడా పోలేదు. రెండు అతుకులకూ ఫోటోలు తీశాను, ఇప్పటికీ ఫోనులో ఉన్నాయి.

తర్వాత ఆమె ఒకటే అడిగింది. "అల్లేటప్పుడు ఎడంచేతి బొటనేలు వాడినావా?"

నాకు గుర్తు లేదు. బాషా చెప్పాడు. "లేదమ్మా. అన్న చెప్పు తీసేసి తాడును కాలివేళ్ళ సందున పట్టినాడు. ఆ బొటనేలు కర్రమాదిరి అట్టా నిలబెట్టుకోనే ఉండాడు. దెబ్బ తగిలిందేమో అనుకున్నా."

కొండయ్య తల పక్కకి తిప్పుకుని సంగతి చెప్పాడు. పెంచలయ్యకు సైన్యంలో ఉన్నప్పుడు ఇనుప దూలం పడి ఎడమ బొటనవేలు నలిగిందట. అది చివరిదాకా మడత పడలేదట.

రమణమ్మ గారు నా ఎడమచేయి తీసుకుంది. బొటనవేలు మడిచింది, తెరిచింది, మళ్ళీ మడిచింది. మామూలుగానే మడత పడింది. చేయి వదిలేసి, "అన్నం తిని పోండి" అని లోపలికి పోయింది.

మర్నాడు నీళ్ళు కాస్త తగ్గాక ఇంటికొచ్చాం. దీన్ని నేను వదిలిపెట్టలేదు. కత్తుల వీడియోలు చూసే అలవాటుంది, వాటిలో ఎప్పుడో తాడు అల్లడం చూసి మర్చిపోయానేమో అనుకున్నాను. అల్లడం వరకు సరే, ఆ వేలు? ఆ విడిచిన పురి? అలాంటి తాడే కొనుక్కొచ్చి, అదే కత్తితో మేడ మీద కూర్చుని ఎన్నోసార్లు ప్రయత్నించాను. మొదటి పురికే చిక్కు పడుతుంది. వీడియో పక్కన పెట్టుకుని అల్లినా, లాగితే ఊడిపోతుంది. గ్రేస్ కొన్నాళ్ళు చూసి, ప్రార్థన చేసి పడుకోమంది. నాన్నకూ చెప్పాను. బిడ్డ బతికింది కదా, అంతవరకు దేవుడికి స్తోత్రం చెప్పి ఊరుకోమన్నాడు. ఆయన అంతకంటే తక్కువ మాటలు మాట్లాడగా నేను వినలేదు.

నీళ్ళు పూర్తిగా తగ్గి దారి బాగుపడ్డాక, కత్తి తిరిగి ఇచ్చేద్దామని ఒక్కణ్ణే రమణమ్మ గారింటికి పోయాను. అది నా దగ్గర ఉండాల్సింది కాదనిపించింది. ఆమె వడ్లు ఎండబెడుతోంది. కత్తి చాపితే చూసింది గానీ, చేయి చాపలేదు.

"నీకాడే ఉండనీ అబ్బయ్యా. ఇన్నేళ్ళు నా పెట్టెలోనే ఉండింది. ఎన్ని వానలొచ్చినాయి, ఎన్ని కష్టాలొచ్చినాయి. నాకాడికి ఆయన ఒక్కసారన్నా రాలేదే."

కోపంగా అనలేదు. నన్ను చూసి కూడా అనలేదు. కాలితో వడ్లు తిరగేస్తూనే అంది. నేను కత్తి మళ్ళీ జేబులో వేసుకున్నాను. చెప్పులు విడిచి, ఇంకో కొస నుంచి నేనూ కాలితో వడ్లు తిరగేశాను.